లేసుకు పేరొచ్చింది - లేసు అల్లే చేతికి ఏమొచ్చింది?

నరసాపురం: మధ్యాహ్నం భోజనాలయి, అంట్లు తోమి బోర్లించిన తరువాత నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు, యలమంచిలి మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా ఒకటే దృశ్యం. అరుగు మీదనో, పంచలోనో, కొబ్బరి చెట్టు నీడనో నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. ఎడమ చేతి వేలికి దారం చుట్టి ఉంటుంది. కుడి చేతిలో కొన వంగిన సూది ఉంటుంది. నోరు ఊళ్లో కబుర్లు చెబుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగవు. చూస్తుండగానే దారం పువ్వవుతుంది, పువ్వు పక్కన పువ్వు చేరుతుంది.

ఆ పువ్వులన్నీ కలిసి బల్లగుడ్డలై, దిండు గలేబులై, మంచం దుప్పట్లై ఓడలెక్కి ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు, అమెరికాకు పోతాయి. అక్కడ వాటిని మురిపెంగా కొనుక్కునేవారున్నారు. 2024లో నరసాపురం క్రోషా లేసుకు కేంద్ర ప్రభుత్వం నుంచి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. జిల్లా ప్రజలంతా సంతోషించవలసిన విషయమే. పత్రికలు రాశాయి, సభల్లో నాయకులు చెప్పారు.

అయితే ఆ గుర్తింపు వచ్చిన మర్నాడు అరుగు మీద కూర్చున్న ఆ ఇల్లాలికి ఏమి మారింది? దారం ఇచ్చే ఏజెంటు మారలేదు. కూలి లెక్క మారలేదు. పేరు ఊరికి వచ్చింది, డబ్బు ఊరి దాకా రాలేదు. దీనికి కారణం ఏమిటో, మార్గం ఏమిటో ఆలోచించవలసిన సమయం ఇదే.

కరువు నాడు వచ్చిన పని

ఈ లేసు మన తాతముత్తాతల నాటి విద్య కాదు. 1836లో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. అవి 1832-33 నాటి నందన కరువు దెబ్బ నుంచి జనం ఇంకా తేరుకోని రోజులు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైందే 1847లో, పూర్తయింది 1852లో. కాలువ నీరు రాకముందు ఈ సీమలో పేదవాడి బతుకు ఎలా ఉండేదో పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆ పరిస్థితుల్లో, 1844 ప్రాంతంలో, మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి పేద ఆడపిల్లలకు లేసు అల్లిక నేర్పడం మొదలుపెట్టారని చెబుతారు.

విచిత్రమేమంటే సరిగ్గా ఆ కాలంలోనే ఐర్లండు దేశంలో కూడా ఇదే జరిగింది. 1845 నుంచి అక్కడ బంగాళాదుంప పంట తెగులుతో నాశనమై ఘోరమైన కరువు వచ్చినప్పుడు, ఆకలితో ఉన్న స్త్రీలకు క్రైస్తవ సన్యాసినులు క్రోషా అల్లిక నేర్పారు. ఆ అల్లికలు అమ్మి ఎన్నో కుటుంబాలు ప్రాణాలు నిలబెట్టుకున్నాయి. అంటే ఈ కొక్కెం సూది పుట్టుకలోనే ఆకలి ఉంది. పేదింటి ఆడది ఇల్లు కదలకుండా నాలుగు డబ్బులు కళ్లజూడడానికి వచ్చిన పని ఇది.

మొదట క్రైస్తవంలో కలిసిన పేద కులాల స్త్రీలు నేర్చుకున్నారు. తరువాత కాపు కుటుంబాల స్త్రీలు కూడా అందుకున్నారు. పొలానికి కూలికి వెళ్లడం పరువు తక్కువ అనుకునే ఇళ్లలో ఈ పని బాగా నాటుకుంది. గడప దాటనక్కరలేదు, నలుగురి కంట పడనక్కరలేదు, ఇంటి పరువు పోదు. ఈ సౌకర్యమే తరువాత ఆమె పాలిట సంకెల అయింది.

ఒక గుడ్డ వెనుక ఎన్ని చేతులు!

బజారులో చూసేవారికి లేసు గుడ్డ ఒక్కటే. దాని వెనుక పని మాత్రం మూడు నాలుగు భాగాలు. పువ్వులు, చక్రాలు విడివిడిగా అల్లేది చేతిపని. ఆ ముక్కలన్నీ ఒక అమరికలో కలిపేది అతుకుపని. అంచుల వెంట కాజాకుట్టు వేరు. ఆ పైన ఉతికి, సాగదీసి, ఇస్త్రీ చేసి కట్టలు కట్టడం వ్యాపారి కొట్టు దగ్గర జరుగుతుంది. చేతిపని చేసే మనిషి చాలాసార్లు పూర్తయిన గుడ్డను కంటితో చూడదు. తాను అల్లిన పువ్వు ఏ దేశంలో ఏ బల్ల మీద పరచుకుంటుందో ఆమెకు తెలియదు. ఎంతకు అమ్ముడవుతుందో అసలే తెలియదు.

ఎగుమతి వ్యాపారికి పై దేశం నుంచి ఆర్డరు వస్తుంది. ఆయన ఏజెంటుకు దారం ఇస్తాడు. ఏజెంటు ఊళ్లు తిరిగి ఇల్లిల్లూ పంచుతాడు. కొన్ని చోట్ల ఏజెంటు కింద మరో ఏజెంటు ఉంటాడు. ఆడవాళ్లే ఏజెంట్లుగా ఉన్న ఊళ్లు కూడా ఉన్నాయి. కూలి సాధారణంగా దారం లెక్క మీదనో, ముక్కల లెక్క మీదనో ఉంటుంది. ఎన్ని గంటలు కూర్చున్నావన్న ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా లేదు. అల్లిక వదులుగా ఉందనో, మాసిందనో, దారం తగ్గిందనో ఏజెంటు కోత పెడితే ఎదురు చెప్పడానికి ఆమె చేతిలో కాగితం ముక్క ఉండదు. ఎంత దారం తీసుకున్నదీ, ఎంత ఇచ్చిందీ అంతా నోటి మాటే.

ఏళ్ల తరబడి ఈ పని చేసినవారిని అడిగి చూడండి. మెడ నొప్పి, నడుము నొప్పి, చూపు మందగించడం మామూలని చెబుతారు. తెల్లటి సన్న దారం మీద సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా కళ్లు పెట్టి కూర్చుంటే మరేమవుతుంది?

'తీరిక పని' అన్న మాటే మోసం

ఈ మొత్తం వ్యవహారానికి పునాది ఒక చిన్న మాట. అది 'తీరిక పని'. 'మా ఆవిడ ఏ పనీ చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది. తీరిక వేళ లేసు అల్లుతుంది' అని భర్త అంటాడు. 'మాదేముందయ్యా, ఊరికే కూర్చునే బదులు' అని ఆమె కూడా అంటుంది. తీరిక పనికి కూలి ఎంత ఇచ్చినా ఎక్కువే అని వ్యాపారి అంటాడు. ముగ్గురూ ఒకే మాట అంటుంటే ప్రభుత్వం వేరే మాట ఎందుకంటుంది?

ఈ మాటలోని గుట్టును బయటపెట్టింది ఒక విదేశీ స్త్రీ. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1978-79లో నరసాపురం పరిసర గ్రామాల్లో ఉండి లేసు స్త్రీల జీవితాన్ని పరిశీలించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ పరిశీలన 1982లో లండనులో పుస్తకంగా వచ్చింది. అప్పట్లో ఈ ప్రాంతంలో లక్షకు పైగా స్త్రీలు లేసు పనిలో ఉన్నారని అంచనా. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా రాని రోజులవి. ఇంత మంది పని చేస్తున్నా వారిని కార్మికులుగా లెక్కించకుండా గృహిణులుగానే చూశారనీ, అలా చూడడం వల్లనే కూలి అంత తక్కువగా ఉండిపోయిందనీ ఆమె తేల్చి చెప్పారు. ఇళ్లలో ఆడవాళ్లు అల్లుతుంటే, వ్యాపారం చేసిన మగవాళ్లు పైకొచ్చారన్నది కూడా ఆమె చూసిన నిజమే.

ఆ పుస్తకం పుణ్యమా అని నరసాపురం పేరు ప్రపంచంలోని విశ్వవిద్యాలయాల్లో పాఠమైంది. అక్కడి విద్యార్థులకు తెలిసిన సంగతి ఇక్కడ పక్క వీధిలో ఉన్నవారికి తెలియకపోవడం విచారకరం.

ఎవరికి వారు ఒక లెక్క వేసి చూసుకోవచ్చు. గడియారం చూసి, అల్లిన గంటలు గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నా చాలు. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే గాని ఏ ఒక్కరి కూలీ కాదు: ఒక గుడ్డకు కావలసిన పువ్వులు అల్లడానికి రోజుకు 5 గంటల చొప్పున 8 రోజులు పట్టిందనుకుందాం. మొత్తం 40 గంటలు. చేతికి 400 రూపాయలు వచ్చాయనుకుందాం. గంటకు 10 రూపాయలు పడినట్లు. ఎనిమిది గంటల రోజు కింద చూస్తే 80 రూపాయలు. 2025-26 సంవత్సరానికి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. మట్టి పని కంటే లేసు పని నైపుణ్యం తక్కువదా? ఎవరి అంకెలు వారు వేసుకుని, ఎవరి జవాబు వారు చెప్పుకోవాలి. ఆ లెక్క వేయనంత కాలం తీరిక పని అన్న మాట చెల్లుబాటు అవుతూనే ఉంటుంది.

గుర్తింపు ఎవరి పేరున?

2024లో వచ్చిన భౌగోళిక గుర్తింపు సంగతి చూద్దాం. 1999లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, ఒక ప్రాంతానికే చెందిన సరుకుకు ఆ ప్రాంతం పేరు మీద రక్షణ ఇస్తారు. ఈ చట్టం 2003 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. ఇక మీదట వేరే చోట తయారైన సరుకును నరసాపురం లేసని అమ్మితే అది నేరం. ఈ నమోదు పదేళ్లు ఉంటుంది, తరువాత మళ్లీ పొడిగించుకోవాలి. ఇంతవరకు బాగుంది.

కాని ఈ చట్టంలో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. గుర్తింపు ఉన్న సరుకు మీద ఆ ముద్రను వాడుకునే హక్కు ఊళ్లో అందరికీ దానంతట అదే రాదు. 'అధీకృత వినియోగదారు'గా ఎవరికి వారు దరఖాస్తు పెట్టి నమోదు చేసుకోవాలి. లేసు అల్లే ప్రతి స్త్రీకీ ఈ అర్హత ఉంది. అయితే చట్టంలో 'ఉత్పత్తిదారు' అన్న మాటకు ఇచ్చిన అర్థం ప్రకారం చేతిపని సరుకు విషయంలో దానిని తయారు చేసేవారే కాక, దానితో వ్యాపారం చేసేవారు కూడా ఉత్పత్తిదారులే. అంటే సూది ముట్టని వ్యాపారికీ, ముప్పై ఏళ్లు సూది వదలని ముసలమ్మకూ చట్టం దృష్టిలో ఒకే హోదా.

వ్యాపారికి చదువుంది, ఆఫీసు ఉంది, కాగితాలు రాసేవారున్నారు. ముసలమ్మకు ఈ నమోదు ఒకటి ఉందని కూడా తెలియదు. ఇక ముద్ర ఎవరి చేతికి పోతుందో వేరే చెప్పాలా? నమోదు పుస్తకంలో వ్యాపారుల పేర్లే నిండితే, నరసాపురం లేసు అన్న పేరుకు విలువ పెరిగే కొద్దీ లాభం వారికే పోతుంది. పువ్వు అల్లిన మనిషి మళ్లీ తీరిక వేళ అల్లిన గృహిణిగానే మిగిలిపోతుంది.

ఖర్చుకు భయపడవలసిన పని కూడా లేదు. ఈ నమోదుకు గతంలో 500 రూపాయల రుసుము ఉండేది. 2020లో దానిని 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయలు ఒక టీ ఖరీదు. లోటల్లా డబ్బు కాదు, చెప్పేవారు లేకపోవడం, దగ్గరుండి దరఖాస్తు నింపించేవారు లేకపోవడం.

వ్యాపారుల మాట కూడా వినాలి

ఇక్కడ వ్యాపారులను మాత్రమే దోషులుగా నిలబెడితే న్యాయం కాదు. వారి కష్టాలు వారికున్నాయి. చైనా నుంచి వచ్చే మిషను లేసు చవక. చూసేవారికి రెండింటికీ తేడా వెంటనే తెలియదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆర్డర్లు ఆగిపోయాయి. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతిదారులందరూ కంగారు పడ్డారు. పై దేశపు వ్యాపారి ధర తగ్గించమంటాడు, ఇక్కడి వ్యాపారి ఏజెంటును తగ్గించమంటాడు, ఏజెంటు అరుగు దగ్గరకు వచ్చి తగ్గిస్తాడు. బరువంతా చివరకు వచ్చి పడేది చిట్టచివరి మనిషి మీద. మార్కెట్టు బాగున్నప్పుడు మాత్రం లాభం అదే దారిలో కిందికి దిగి రావడం లేదు.

చవక సరుకుతో చవకలో పోటీ పడి గెలవడం ఎలాగూ సాధ్యం కాదు. అసలైన క్రోషా అల్లికను మిషను అల్లలేదు, చూపుకు అలా కనిపించేటట్లు మాత్రం చేయగలదు. ఒకే దారం గొలుసు గొలుసుగా ముడిపడి సాగడం చేతి సూదికే సాధ్యం. అందుకే చేతి అల్లికలో చివరి ముడి విప్పి దారం లాగితే వరుస వెంట వరుస ఊడి వస్తుంది. మిషను లేసు అలా రాదు. ఈ తేడాను కొనేవారికి చెప్పి, ఆ ధర రాబట్టుకోవడానికే భౌగోళిక గుర్తింపు ఉన్నది. కూలి కోసి సరుకును చవక చేయడం ఆ గుర్తింపు ఉద్దేశానికే విరుద్ధం.

కూలి కోతకు మరో ఫలితం అప్పుడే కనిపిస్తోంది. అమ్మ అల్లుతుంది, కూతురు అల్లనంటోంది. చదువుకున్న పిల్లలు బట్టల షాపులకో, ఆసుపత్రులకో, బయటి ఊళ్లకో పోతున్నారు. చదువు లేనివారు రొయ్యల షెడ్లకు పోతున్నారు. అక్కడ నిలబడి ఒళ్లు హూనం చేసుకున్నా, సాయంత్రానికి ఇంత అని లెక్క ఉంటుంది కదా అని వారి వాదన. దానిని తప్పు పట్టలేం. కూలి గిట్టని విద్యను పిల్లలకు నేర్పమని ఏ తల్లికి చెప్పగలం? నేడు ఈ పని చేస్తున్నవారిలో చాలామంది నడివయసు దాటినవారే అన్నది ఏ ఊళ్లో చూసినా తెలుస్తుంది. వ్యాపారులు కూడా ఆలోచించవలసింది ఇదే. అల్లే చేతులు పోయాక ఆర్డరు వచ్చి ఏం లాభం?

మాధవాయిపాలెం చెప్పే పాఠం

నరసాపురంలో వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి పోవడానికి పంటు ఎక్కే రేవు మాధవాయిపాలెం. రోజూ వందలమంది ఆ రేవు దాటుతారు. ఒకప్పుడు అక్కడ ఇంగ్లీషు కంపెనీ వారి గిడ్డంగి ఉండేది. చుట్టుపక్కల నేసిన మెత్తటి నూలు బట్ట అక్కడి నుంచి ఓడల మీద ఐరోపాకు పోయేది. ఆ బట్టను వారు 'మడపోలం' అని పిలిచారు. ఆ మాట ఈనాటికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఒక రకం బట్టకు పేరుగా ఉంది. ఆ పేరుతో బట్ట వేరే దేశాల మిల్లుల్లో తయారయింది. పేరు నిలిచింది, నేసినవారు నిలవలేదు.

పేరు ఒక్కటే చేతివృత్తిని బతికించలేదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి రుజువు వేరే అక్కరలేదు. రేపు నరసాపురం లేసు కూడా పుస్తకాల్లో పేరుగా మిగిలి, అల్లేవారు లేకుండా పోతే ఆ గుర్తింపు పత్రం గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

సంఘం లేనిదే రేటు లేదు

వృత్తివారు సంఘంగా ఏర్పడడం కొత్త సంగతి కాదు. మన దేశంలో పూర్వం శ్రేణులు ఉండేవి. పట్టు నేతగాళ్ల శ్రేణి ఒకటి అయిదో శతాబ్దిలో మాళవ దేశంలోని దశపురంలో సూర్య దేవాలయం కట్టించినట్లు మందసోర్ శాసనం చెబుతోంది. గుడి కట్టగల స్తోమత ఆ నేతగాళ్లకు ఒక్కొక్కరుగా ఉంటే వచ్చేది కాదు. లండనులో బట్టల మీద కుట్టుపని చేసేవారి సంఘానికి 1561లోనే రాజముద్ర లభించింది. సరుకు నాణ్యత ఎలా ఉండాలో, పని ఎవరు నేర్చుకోవాలో సంఘమే చూసుకునేది.

అంత వెనక్కు పోనక్కరలేదు. మన పొరుగున కర్ణాటకలోని సండూరులో లంబాడీ స్త్రీలు అద్దాలు, గవ్వలు పెట్టి చేసే కుట్టుపనికి 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ ఆ స్త్రీలు సండూరు కుశల కళా కేంద్రం కింద కలిసి పని చేస్తున్నారు. 2023లో హంపిలో జి-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాడీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులను ప్రదర్శించగా, గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. లక్నోలో చికన్ కుట్టుపని చేసే స్త్రీలు 1984 నుంచి సేవా సంస్థ ద్వారా దళారులు లేకుండా ఆర్డర్లు తీసుకోవడం నేర్చుకున్నారు. ఈ రెండు చోట్లా వారు చేసింది ఒక్కటే. ఒక్కొక్కరుగా ఏజెంటు ముందు చేయి చాపకుండా, కలిసి బేరం ఆడారు.

మన జిల్లాలో సంఘాలు లేవా అంటే, లేని ఊరు లేదు. డ్వాక్రా సంఘాలు ప్రతి వీధిలో ఉన్నాయి. వారం వారం కూర్చుంటారు, పొదుపు కడతారు, బ్యాంకు అప్పు వాయిదా తప్పకుండా తీరుస్తారు. లెక్కలు రాయడం, సంతకం పెట్టడం, అధికారితో మాట్లాడడం మన ఆడవాళ్లకు అక్కడే అలవడింది. అయితే ఆ సమావేశంలో అప్పు గురించి మాట్లాడతారు గాని లేసు రేటు గురించి మాట్లాడరు. అదే పదిమందీ మర్నాడు ఒకే ఏజెంటు దగ్గర విడివిడిగా దారం తీసుకుంటారు. ఎవరికెంత ఇస్తున్నాడో ఒకరికొకరు చెప్పుకోరు. కూర్చున్న చాప అదే, కూర్చున్న మనుషులు వాళ్లే. మాట్లాడే విషయం ఒక్కటి కలిస్తే చాలు.

లేసు సహకార సంఘాలు గతంలోనూ పెట్టారు, అవి ఏమయ్యాయని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దారం కొనడానికి పెట్టుబడి, సరుకు అమ్మడానికి మార్కెట్టు - ఈ రెండూ చేతిలో లేని సంఘం పేరుకే సంఘం అవుతుంది. లేసు కోసం నరసాపురం వద్ద వాణిజ్య కేంద్రం ఏర్పడి ఉంది. దారం, కొత్త నమూనాలు, పై దేశపు కొనుగోలుదారులు - ఈ మూడూ అక్కడి నుంచి నేరుగా గ్రామ సంఘాలకు అందితేనే ఈసారి ఫలితం కనిపిస్తుంది.

లెక్కలో ఉండడం మొదటి మెట్టు

2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం చేతివృత్తుల వారి కోసం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. శిక్షణ, పనిముట్ల సహాయం, తక్కువ వడ్డీకి అప్పు అందులో ఉన్నాయి. మొదలుపెట్టినప్పుడు అందులో 18 వృత్తులను చేర్చారు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ ఉన్నారు. చేపల వలలు అల్లేవారు కూడా ఉన్నారు. లేసు అల్లేవారు మాత్రం లేరు. వల అల్లేవారిని చేర్చడం సంతోషమే, మన తీరపు మత్స్యకారులకు అది మేలు. కాని ఒకే ఊళ్లో దారంతో వల అల్లితే వృత్తి, దారంతో లేసు అల్లితే తీరికా? లేసును కూడా ఆ జాబితాలో చేర్చమని జిల్లా ప్రజాప్రతినిధులు అడగవలసి ఉంది.

ఇళ్లలో కూర్చుని ఇతరుల కోసం పని చేసేవారికి మిగతా కార్మికులతో సమానంగా హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దానిపై ఆమోద ముద్ర వేయలేదు. అయినా ముక్కల లెక్క మీద చేసే పనికి కనీస రేటు నిర్ణయించే వీలు 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉండేది. 2019 నాటి వేతనాల స్మృతిలోనూ ఉంది. దారపు రీలుకు ఇంత అని, ఒక పువ్వు అల్లడానికి పట్టే సమయాన్ని కొలిచి రేటు కట్టడం కార్మిక శాఖకు అసాధ్యమేమీ కాదు.

అన్నిటికంటే ముందు జరగవలసిన పని ప్రతి ఇంట్లో ఉంది. 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా జనాభా లెక్కలు తీయడానికి ప్రభుత్వం ప్రకటన చేసింది. గత లెక్కల్లో గృహ పరిశ్రమలో పని చేసేవారికి వేరే గడి ఉంది. లెక్కలు రాసుకునే మనిషి గుమ్మంలోకి వచ్చి 'మీ ఆవిడ ఏం చేస్తుంది?' అని అడిగినప్పుడు, 'ఏమీ చేయదు' అని భర్త జవాబు చెబితే ఒక కార్మికురాలు ఆ క్షణంలో లెక్కలో నుంచి మాయమవుతుంది. వేలమంది భర్తలు అదే జవాబు చెబితే ఒక పరిశ్రమే మాయమవుతుంది. లెక్కలో లేనివారికి పథకం ఎలా వస్తుంది, పింఛను ఎలా వస్తుంది? ఆ జవాబును ఇంటి యజమాని కాక, లేసు అల్లే మనిషే బయటకు వచ్చి చెప్పడం మంచిది.

ఏం చేయాలి?

కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే 'పహచాన్' గుర్తింపు కార్డు లేసు అల్లే ప్రతి స్త్రీకీ అందేటట్లు గ్రామాల్లోనే శిబిరాలు పెట్టాలి. అదే శిబిరంలో పది రూపాయల రుసుముతో భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారుగా కూడా నమోదు చేయించాలి. నమోదు పుస్తకంలో ఒక్కొక్క వ్యాపారి పేరుకు వందమంది అల్లేవారి పేర్లు కనపడాలి.

దారం ఇచ్చిన రోజునే ఎంత దారం, ఏ పని, ఎంత కూలి అని రాసిన చీటీ ఇవ్వడం ఏజెంట్లకు విధిగా చేయాలి. ఖర్చు లేని పని ఇది. చీటీ ఉన్నచోట నోటి మాట మీద కోత సాగదు.

డ్వాక్రా సంఘాలు తమ సమావేశంలో లేసు రేటును కూడా చర్చకు తీసుకోవాలి. ఒక ఊరి రేటు పక్క ఊరికి తెలియాలి. కళ్లద్దాలు, కంటి పరీక్ష ఏడాదికోసారి ఉచితంగా అందే ఏర్పాటు చేస్తే ఎంతోమంది మరో పదేళ్లు పని చేయగలుగుతారు. పాఠశాలల్లో ఈ విద్య నేర్పాలన్న సూచన కూడా వినపడుతోంది. మంచిదే, కాని కూలి గిట్టుబాటు చేసిన తరువాతే ఆ మాట చెప్పడం న్యాయం.

వ్యాపారులు దీనిని తమ మీద దండయాత్రగా భావించనక్కరలేదు. రేటు పెరిగితే పని నిలుస్తుంది, పని నిలిస్తే వ్యాపారమూ నిలుస్తుంది. దాదాపు 180 ఏళ్లుగా కరువులనూ, యుద్ధాలనూ, తుపాన్లనూ తట్టుకుని ఈ సూది ఆగకుండా నడిచింది. దానిని నడిపింది ఏ కంపెనీ కాదు, మన ఇళ్లలోని అమ్మలు, అమ్మమ్మలు. వారికి సన్మానాలు, శాలువాలు అక్కరలేదు. అల్లిన గంటలకు న్యాయమైన కూలి, నమోదు పుస్తకంలో సొంత పేరు ఇస్తే చాలు.